పన్నెండు వేల రాడ్డు సరే, తెగిన తంగూసు కొస చూశారా?

ప్రశ్న: నమస్తే. మాది సిరోంచ తాలూకా. ఐతారం ఐతారం ప్రాణహిత ఒడ్డుకు గాలం వేసేందుకు పోత. నా దగ్గర పదకొండు అడుగుల వెదురు గడ, తంగూసు, గాలాలు ఉన్నయి. రీలు లేదు. ఈ రెండు నెలల్ల మూడు పెద్ద చేపలు చేతికొచ్చినట్టే వచ్చి పోయినయి. రెండుసార్లు తంగూసు కొస పంది తోక లెక్క మెలికలు తిరిగి వచ్చింది, ఒకసారి గాలం సాపై వచ్చింది. మా బామ్మర్ది నాగ్‌పూర్ నుంచి పన్నెండు వేల సెట్టు తెచ్చుకున్నడు. ‘గిట్లాంటిది కొంటే ఏ చేపా పోదు’ అంటడు. నేను మూడు వేల కంటే ఎక్కువ పెట్టలేను. బజార్ల 1,200కే రాడ్డు, రీలు, దారం, గాలాలు, డబ్బా అన్నీ కలిపిన కిట్టు దొరుకుతున్నది. అది కొనాల్నా, ఇంకొన్ని పైసలు జమ చేసి మంచిదే కొనాల్నా?

జవాబు: మీకు పోయిన మూడు చేపల్లో ఒక్కటి కూడా గడ వల్ల పోలేదు. కొస పంది తోకలా మెలికలు తిరిగి వచ్చిందంటే తంగూసు తెగలేదు, ముడి జారింది. బిగువు మీద జారుతూ ఒరుసుకుని పోవడం వల్ల ఆ ఉంగరాలు పడతాయి. గాలం సాపు కావడం గాలం తీగ తప్పు. మీ బామ్మర్ది రాడ్డుకు అదే ముడి వేసి అదే గాలం కట్టి ఉంటే ఆ మూడూ అట్లాగే పోయేవి.

కాబట్టి కొనడం గురించి తర్వాత, ముందు తెగిన కొసను చదవడం అలవాటు చేసుకోండి. కత్తితో కోసినట్టు సాఫుగా ఉంటే రాయి అంచో, చేప పళ్లో కోశాయి. జానెడు పొడవున గరుకెక్కి తెల్లబడి ఉంటే బండకు రాసుకుంది, లేదా రాడ్డు మీది రింగు ఒకటి పగిలి ఉంది. సన్నగా సాగి తెగితే బలానికి మించి గుంజారు, లేదా తంగూసు పాతబడింది. మెలికలుంటే ముడి. ఈ నాలుగింటికీ మందులు వేరు, ఖర్చులు వేరు. మీ మొదటి రోగానికైతే ఖర్చే లేదు.

ముడి ఇట్లా వేయండి. తంగూసును గాలం కంట్లోంచి దూర్చి జానెడు బయటికి తీయండి. ఆ కొసను అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. తంగూసు 0.50 మి.మీ. మందం ఉంటే నాలుగు చాలు, అంతకు మించి తిప్పితే చుట్లు సరిగ్గా కూర్చోవు. ఇప్పుడు కొసను వెనక్కి తెచ్చి గాలం కంటి పక్కనే ఏర్పడ్డ చిన్న సందులోంచి దూర్చండి. దాంతో ఇంకో పెద్ద ఉచ్చు పడుతుంది, దాంట్లోంచి కూడా దూర్చండి. చాలామంది ఈ రెండో దూర్పు వదిలేస్తారు. మీ ముడి జారింది బహుశా అక్కడే. బిగించే ముందు నోటి తడి తప్పనిసరి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ మెత్తబడి బలం పోతుంది. మెల్లగా, ఒక్క బిగువున లాగండి. చుట్లు స్ప్రింగులా పక్కపక్కన కూర్చోవాలి, ఒకదాని మీదొకటి ఎక్కితే కోసేసి మళ్లీ వేయండి. మిగిలిన కొస మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి కోయండి. అందం కోసం మొదలంటా కోస్తే మళ్లీ పంది తోకే.

ముడి ఎంత మోస్తుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. తంగూసు ముక్కను గంటసేపు నీళ్లలో నానబెట్టండి, ఎందుకంటే నైలాన్ నీళ్లు పీల్చి కొంత బలం కోల్పోతుంది, చేప లాగేది తడిసిన దాన్నే. ఒక కొసను నున్నటి పైపుకు ఏడెనిమిది చుట్లు చుట్టి పట్టుకోండి, ముడి వేయొద్దు. రెండో కొసకు గాలం కట్టి ఖాళీ బకెట్ పిడికి తగిలించండి. ఎవరినైనా లీటర్ సీసాతో నీళ్లు పోయమనండి. లీటరు నీళ్లంటే కిలో, ఖాళీ బకెట్ బరువు కలుపుకోండి. బకెట్‌ను జానెడే పైకి లేపండి, కాళ్లు దూరంగా పెట్టండి. 8 కిలోలని రాసిన తంగూసు ముడి దగ్గర నాలుగు కిలోలకే పోతే, ఇంకోసారి జాగ్రత్తగా ముడి వేసి చూడండి. అప్పుడూ నాలుగుకే పోతే తప్పు ముడిది కాదు, ఆ చుట్ట తంగూసే పనికిరాదు. సగం వాడిన పాత చుట్టలు ఈ పరీక్షలో ఎక్కువగా ఓడతాయి. ఎండ నైలాన్‌ను తినేస్తుంది. మీ దిక్కు వేసవి ఎండల్లో బండి మీద కట్టి తిప్పిన తంగూసు పైకి కొత్తగానే కనబడుతుంది, లోపల పెళుసెక్కి ఉంటుంది.

ఇక గాలం. చేపకు తగిలేది అదొక్కటే, మనవాళ్లు అన్నిటికంటే తక్కువ పెట్టేదీ దాని మీదే. కొనేటప్పుడు మొనను బొటనవేలి గోటి మీద ఆనించి, బలం పెట్టకుండా మెల్లగా జరపండి. గీత పెట్టి అక్కడే ఆగితే పదును ఉంది. జారిపోతే లేదు. తర్వాత కొత్త పాకెట్‌లోంచి ఒక్కటి బలి ఇవ్వండి: వంపును గోడ మేకుకు తగిలించి, కన్ను వైపు పట్టకారుతో లాగండి. మెత్తటి ఇనుప తీగ అయితే వెంటనే నోరు తెరుస్తుంది, మీకు వచ్చింది అదే రకం. పెళుసుది టక్కున విరుగుతుంది. మంచి కార్బన్ స్టీల్ గాలం కొద్దిగా తెరుచుకొని, వదిలితే వెనక్కి వస్తుంది. ముస్తాద్ లాంటి పేరున్న గాలాలు కూడా ఒక్కొక్కటి కొన్ని రూపాయలే. పది రూపాయలు మిగుల్చుకోబోయి ఐదు కిలోల బొచ్చెను పోగొట్టుకోవడం లెక్క కాదు.

సైజుల నంబర్లు తికమకగా ఉంటాయి. 12, 10, 8, 6 అని నంబరు తగ్గే కొద్దీ గాలం పెద్దదవుతుంది. 1 దాటాక 1/0, 2/0, 3/0 అని పెరిగే కొద్దీ పెద్దది. పరకలు, చిన్న జిలేబి చేపలకు 10 లేదా 12. పిండి ఎరతో రోహు, మిరిగలకు 6 లేదా 8. బొచ్చెకు 2 నుంచి 4. కొర్రమట్టకు 1/0 నుంచి 3/0. వాలుగకు 3/0కు తగ్గొద్దు. దాని నోటి నిండా సన్నపళ్లు ఆకురాయిలా ఉంటాయి కాబట్టి గాలానికి పైన అడుగున్నర మేర 0.70 మి.మీ. తంగూసో, సన్నటి స్టీల్ తీగో కట్టాలి. 0.35 తంగూసును వాలుగ కాసేపట్లోనే అరగదీస్తుంది.

ఇప్పుడు మీ వెదురు గడ. గడ్చిరోలి జిల్లాలో ఉంటూ వెదురును తీసిపారేయడం అన్యాయం. మడుగుల్లో, ఒడ్డుకు దగ్గర్లో, బెండు వేసి చేసే వేటకు పదీ పన్నెండు అడుగుల వెదురు గడ ఏ దుకాణపు రాడ్డుకూ తీసిపోదు. లోపల గుల్ల తక్కువగా ఉన్నది ఎంచుకొని, నీడన నెల రెండు నెలలు ఆరబెట్టాలి. ఆరేటప్పుడు కొసను దూలానికి కట్టి మొదట్లో ఇటుక వేలాడదీస్తే వంకర పోతుంది. ఆరాక అవిసె నూనె పలుచగా రెండుసార్లు రుద్దితే నీళ్లు పీల్చదు. గణుపుల దగ్గర సన్నటి చీలిక కనబడితే దారం చుట్టి జిగురు పట్టించండి.

గడతో వచ్చే అసలు ఇబ్బంది వేరే ఉంది. రీలు ఉన్నవాడికి చేప ఉరికితే దారం వదిలే వీలుంటుంది, మీకు లేదు. నీళ్లలో ఐదు కిలోల చేప ఐదు కిలోల బరువుతో వేలాడదు, తెంపేది దాని బరువు కాదు, జర్కు. దీనికి చవక మందు సైకిల్ ట్యూబు. అర సెంటీమీటరు వెడల్పు, జానెడు పొడవు పట్టీ కోసి గడ కొసకూ తంగూసుకూ నడుమ కట్టండి. దానికి జతగా మూరెడు తంగూసును వదులుగా కట్టి ఉంచండి, రబ్బరు తెగినా చేప మీ చేతిలోనే ఉంటుంది. ఎండకు రబ్బరు పగుళ్లు పడుతుంది కాబట్టి నెలకోసారి మార్చండి.

ఇంత చేశాక కూడా రీలు కావాలనిపిస్తే, అంటే నడి ప్రవాహంలోకి ముప్పై నలభై గజాలు విసరాలంటే, మూడు వేలు చాలు. రాడ్డుకు వెయ్యి, రీలుకు 1,200, తంగూసుకు 300, మూడు సైజుల గాలాలకు 200, స్వివెల్‌లు (తంగూసు మెలిక పడకుండా తిరిగే చిన్న కీళ్లు), సీసం గుండ్లకు 100, మిగతా 200 పట్టకారుకు. దుకాణాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ ఈ పాళ్లు చెడగొట్టకండి.

రాడ్డు గ్లాస్ ఫైబర్‌ది తీసుకోండి. నదికి ఎనిమిది తొమ్మిది అడుగులు, రెండు ముక్కలుగా విడిపోయేది. యాంటెనాలా లోపలికి ముడుచుకునేది మోయడానికి సుఖం, కానీ ప్రాణహిత ఇసుక ఒక్క రేణువు కీలులో పడితే బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే పగులుతుంది. కార్బన్ రాడ్డు తేలిక, నిజమే, కానీ రాయికి తగిలితే పైకి కనబడని దెబ్బ తిని తర్వాత ఎప్పుడో చేప మీద ఉండగా విరుగుతుంది. మీరు రాడ్డును పంగల కర్ర మీద ఆనించి కూర్చుని వేటాడే మనిషైతే, తేలికకు వేలకు వేలు పోయడమెందుకు? రోజంతా బరువు మోసేది పంగల కర్ర. ఇంకొక్క మాట: కార్బన్ గుండా కరెంటు పోతుంది, తడిసిన వెదురు గుండా కూడా. కరెంటు తీగల కింద గడ ఎత్తకండి, ఉరుములు మొదలైతే కింద పెట్టి పక్కకు జరగండి.

దుకాణంలో రాడ్డు రింగులను దూదితో చూడండి. ప్రతి రింగు లోపలా దూది తిప్పితే ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉంది. ఆ పగులు విసిరిన ప్రతిసారీ తంగూసును గీకుతుంది, తర్వాత మీరు తంగూసును తిడతారు.

రీలు దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ. పెట్టె మీద ‘12 బేరింగులు’ అని రాసి ఉంటే మురిసిపోవద్దు. చవక రీలులో పన్నెండు నాసిరకం బేరింగుల కంటే మూడు మంచివి మేలు. షిమానో, దైవా లాంటి పేర్లను ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అమ్మే నకళ్లు కూడా ఉంటాయి, స్పెల్లింగ్ చదివి మరీ కొనండి. (షిమానో అంటే సైకిల్ గేర్ల షిమానోనే. 1921లో జపాన్‌లో సైకిల్ సామాన్లతోనే మొదలైంది, రీళ్లు తర్వాత వచ్చాయి.) పేరు కంటే చేతితో చూడాల్సినవి ఇవి. పిడి తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు గరగర రాకూడదు. పిడిని వెనక్కి తిప్పితే సందు లేకుండా వెంటనే ఆగాలి. దారం వంగి వెళ్లే చిన్న రోలరు వేలితో తాకితే తిరగాలి, తిరగకపోతే తంగూసు ఒక్క చోటే రాసుకొని అరుగుతుంది. దారాన్ని పట్టే తీగ పిడి తిప్పగానే టక్కున పడాలి. ఇక డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు దారాన్ని బిగువుతో వదిలే బిరడ. కొద్దిగా బిగించి దారాన్ని మెల్లగా లాగండి: ఆగి ఆగి, జర్కులతో వస్తే ఆ రీలు వద్దు. ఆ ఒక్క జర్కే తెంపుతుంది. ఈ అయిదూ బాగుంటే 3000 సైజు రీలు మీకు సరిపోతుంది.

డ్రాగ్ బిగువు ఎంతుండాలంటే దారం బలంలో నాలుగో వంతు. 8 కిలోల తంగూసుకు 2 కిలోలు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్లు పోసి, రీలు నుంచి వచ్చే దారానికి కట్టి వేలాడదీయండి. సీసా మెల్లగా కిందికి దిగే దాకా బిరడ వదులు చేయండి. వేటాడే రోజు దీనికి రెండు నిమిషాలు చాలు. ఇంటికొచ్చాక బిరడ పూర్తిగా వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి వాషర్లు నొక్కుకుపోయి మళ్లీ జర్కులు మొదలవుతాయి. చేప దారం లాక్కొని పోతుండగా మాత్రం పిడి తిప్పకండి. రీలు గేరు 5:1 ఉంటే ఒక్కో తిప్పుకు తంగూసులో ఐదు మెలికలు పడతాయి. పది తిప్పులు తిప్పితే యాభై. తర్వాత విసిరినప్పుడు చిక్కుముడి రాలేదంటే ఆశ్చర్యం.

తంగూసు నైలాన్‌దే, 0.35 మి.మీ. అల్లిక దారం, అంటే బ్రెయిడ్, సన్నగా ఉండి ఎక్కువ బలం ఇస్తుంది కానీ బండల అంచుకు తగిలితే నైలాన్ కంటే త్వరగా కోసుకుపోతుంది, సాగదు కాబట్టి జర్కు మొత్తం ముడి మీదే పడుతుంది. పైన చెప్పిన ముడి దాని మీద జారుతుంది కూడా. నీళ్లలో కనబడదని అమ్మే ఫ్లోరోకార్బన్ మీ వేటకు అక్కర్లేదు, వానాకాలం ప్రాణహిత బురద నీళ్లలో ఏ దారమూ కనబడదు. రీలుకు ఎక్కించేటప్పుడు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ నింపండి. తక్కువైతే దూరం పోదు, ఎక్కువైతే విసరగానే కుప్పలుగా రాలుతుంది.

ఈ లెక్కన 1,200 కిట్టు ఎట్లుంటుందో మీరే చెప్పగలరు. సాధారణంగా అందులో ముడుచుకునే రాడ్డు, లోపల ప్లాస్టిక్ గేర్ల రీలు, మందం ఎక్కువ బలం తక్కువ తంగూసు, మెత్తటి గాలాలు ఉంటాయి. డబ్బా మాత్రం బాగుంటుంది. పిల్లలకు నేర్పడానికైతే కొనండి, దారం, గాలాలు మాత్రం మొదటి రోజే తీసేసి మంచివి వేయండి. మీకోసమైతే వద్దు.

మరి పన్నెండు వేల సెట్టుకు పనే లేదా అంటే, ఉంది. రబ్బరు కప్ప ఎరతో కొర్రమట్ట కోసం నాచు చెరువుల్లో తిరిగేవాడు పూటకు రెండు మూడు వందల సార్లు విసురుతాడు. అక్కడ వంద గ్రాముల బరువు తగ్గినా మధ్యాహ్నానికి మణికట్టు తేడా చెబుతుంది. నాచులోంచి లాగడానికి బ్రెయిడ్ కూడా అక్కడే పనికొస్తుంది. దానికి ముడి వేరు: దారాన్ని రెండు పేటలుగా మడిచి గాలం కంట్లోంచి దూర్చి, ఆ జంట పేటతోనే మామూలు ముడి వదులుగా వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించి బిగించాలి. మీ బామ్మర్ది ఆ వేట చేస్తే ఆయన డబ్బు దండగ కాలేదు. ఎర్రనో పిండినో గుచ్చి కూర్చుంటే మాత్రం అయింది. వానాకాలంలో నీటి మీద ఎర్రటి కొర్రమట్ట పిల్లల గుంపు ఉడికినట్టు కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని వదిలేయండి, లేకపోతే ఆ పిల్లలు పెద్ద చేపల పాలవుతాయి.

మిగతా సామాన్లకు దుకాణమే అక్కర్లేదు. తెగిన హవాయి చెప్పు ముక్క మంచి బెండు. పాత స్పార్క్ ప్లగ్గు, నట్టు, ఏదైనా గుండుగా పనిచేస్తాయి. మడుగులో 10, 15 గ్రాములు, ప్రవాహంలో 30 నుంచి 50 గ్రాములు చాలు. బండల మధ్య వేసేటప్పుడు గుండును అసలు తంగూసుకు కాకుండా మామూలు కుట్టు దారంతో వేలాడదీయండి. ఇరుక్కుంటే గుండే పోతుంది, గాలం మీదేనవుతుంది. సీసం గుండ్లను పళ్లతో నొక్కే అలవాటు మాత్రం మానండి, సీసం విషం. పట్టకారుకు 200 అన్నది అందుకే.

చెరువుల్లో వేసే ముందు ఆ చెరువు మత్స్యకారుల సొసైటీకి ఇచ్చారేమో అడగండి. ఎగువన చప్రాల వైపు నది అభయారణ్యాన్ని ఆనుకొని పోతుంది, అక్కడ గాలం వేయొద్దు.

ఈ ఆదివారం ఏమీ కొనకుండా, రెండో దూర్పుతో ముడి వేసి, పట్టకారు పరీక్ష దాటిన గాలంతో, ట్యూబు పట్టీ కట్టుకొని అదే వెదురు గడతో పోండి. మళ్లీ ఏదైనా పోతే కొస ఎట్లా ఉందో, గాలం నంబరెంతో రాయండి.